ఎల్లారెడ్డిన్

ఆ రోజు ఎల్లారెడ్డిలో మా ముందుగదిలో ఉన్నవి ఇవి: నవారు మంచం ఒకటి, దాని మీద మా అవ్వ, అంటే బాపును కన్నతల్లి, ఆమె కుడి మణికట్టుకు రెండు నెలల కింద కట్టిన నల్లదారం, గోడకు చేరేసిన చేతికర్ర, గూట్లో మూత బిగించిన గాజుసీసా, అందులో ముప్పావు వంతు బూడిదరంగు పొడి, పురుగుమందుల కంపెనీ వాళ్లిచ్చిన క్యాలెండరు. ఉన్నవాళ్లు: బాపు, అమ్మ, ఖాలా అని మేం పిలిచే పక్కింటి ముస్లిం పిన్ని, కామారెడ్డి బస్సు దిగి భుజాన సంచీతో అప్పుడే లోపలికి వచ్చిన నేను. లేనివి: డాక్టరు చీటీ, పొడి మీద ఎలాంటి పేరూ. అంతకుముందు మోకాళ్ల నొప్పులతో ఏడు నెలలు మంచం దిగని అవ్వ, నాకు చూపించడం కోసం, కర్ర ముట్టకుండా లేచి గడప దాకా నడిచింది. పదకొండు అడుగులు. లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

“చూసినవా బిడ్డా?” అంది అవ్వ గడప పట్టుకొని. “మీ పెద్ద దవాఖానోళ్లు మోకాలు కోయాలన్నరు. బాలయ్య కోసిండా? చిటికెడు పొడి, ఇంత బెల్లం ముక్క. గంతే.”

“అందుల ఏమేస్తడవ్వా?”

“అడగొద్దు. చెట్టు పేరు చెప్తే మందు గుణం పోతది.”

“మొకం చూడు బేటా,” అంది ఖాలా. “పెండ్లిపిల్ల లెక్క అయింది. నిండు చందమామ!”

నిజంగానే అవ్వ ముఖం నిండుగా, గుండ్రంగా ఉంది. నేను సంతోషించి ఫోనులో ఫొటో తీశాను. ఆ సంతోషం సంగతి తర్వాత చెబుతాను.

పోయిన వారం, ఉద్యోగంలో ఒక ల్యాబు నుంచి ఇంకో ల్యాబుకు సామాను మారుస్తుంటే, నా పాత పెట్టెలో బొటనవేలంత సీసా ఒకటి దొరికింది. మీద నా చేతిరాతతో ‘వై.ఆర్. ఏడు’, అంటే ఎల్లారెడ్డి ఏడు, అని ఉంది. అడుగున తెల్లటి పలుకులు నాలుగైదు అంటుకొని ఉన్నాయి. మా ఊళ్లో నాటుమందు ఇచ్చే బాలయ్య పొడిలో అసలు పనిచేసేది ఏమిటో కనిపెట్టడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ అవ్వ దాన్ని రెండు పూటలా తిన్నది. ఇందులో చెప్పవలసిన విషయం అంతే. మిగిలినవి వివరాలు. వివరాలు వదిలేస్తే నన్ను రసాయనశాస్త్రవేత్త అని ఎవరూ ఒప్పుకోరు కాబట్టి అవి కూడా రాస్తున్నాను.

నేను ఈ చదువులోకి రావడానికి కారణం బాపు దుకాణం. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మేవాడు, ఇప్పటికీ అమ్ముతాడు. కథల పుస్తకాలు లేని ఇంట్లో నేను చదువుకున్నది డబ్బాల వెనక ఉన్న సన్నటి అక్షరాలు. ఎర్ర త్రికోణం ఉంటే మహా విషం, పసుపుదైతే దాని తర్వాతది, నీలం మధ్యరకం, ఆకుపచ్చ మంచిదని కాదు, కాస్త ఆలస్యం అని. ఎనిమిదో తరగతిలో పద్యం అప్పజెప్పమంటే రెండో పాదం దగ్గర ఆగిపోయేవాణ్ణి గానీ, మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ అని గుక్క తిప్పుకోకుండా చెప్పేవాణ్ణి. కొనడానికి వచ్చిన రైతులు నవ్వి, “పటేలా, నీ కొడుకు నోట్లెకెల్లి మందు కొడుతుండు, పురుగు పడదిగ” అనేవాళ్లు. సాయంత్రం బాపు ఇంటికి వస్తే అవ్వ ఆయన్ని నేరుగా లోపలికి రానిచ్చేది కాదు. పెరట్లో చొక్కా విప్పాలి, మోచేతుల దాకా కుంకుడురసంతో రుద్దుకోవాలి, చేతులు చాపి వాసన చూపించాలి. అవ్వ ముక్కు దగ్గర పెట్టుకొని, “ఇంకోసారి కడుగు” అనేది. ఇంకోసారి అనకుండా వదిలిన రోజు నాకు గుర్తులేదు. ఆ గంధకం వాసన, కుంకుడు నురగ వాసన, పొయ్యి మీద కాలుతున్న జొన్నరొట్టె వాసన, మూడూ వరసగా వస్తే ఏడు గంటలైందని లెక్క.

నోట్లోకి పోయే ప్రతిదాని పుట్టుకా అవ్వకు తెలియాలి. పాలు ఎవరి బర్రెవి, కందిపప్పు ఏ చేనుది, కారం ఎవరి గిర్నీలో పట్టించారు. బజారులో కొన్న పసుపు చెంచాడు తీసి గ్లాసు నీళ్లలో వేసి, రంగు ఎంతసేపటికి అడుగుకు దిగుతుందో చూసేది. త్వరగా రంగు వదిలితే ఆ పొట్లం దుకాణదారు ముఖాన కొట్టి వచ్చేది. మా ఇంట్లో మొదటి విశ్లేషకురాలు ఆమె. అలాంటి మనిషి బాలయ్య ఇచ్చినదాన్ని ఒక్క ప్రశ్న వేయకుండా మింగింది. ప్రశ్న వేయకపోవడమే ఆ మందుకు మొదటి షరతు. రెండో షరతు వంకాయ, చింతపండు తినకపోవడం. మూడోది నల్లదారం. మందు మొదలుపెట్టిన రోజు బాలయ్య తన చేత్తో దారం కడతాడు. మళ్లీ ఆయనే దాన్ని కోసి, “ఇడిసిన” అని మూడుసార్లు అంటే తప్ప మందు మానకూడదు. మధ్యలో మానితే నొప్పి రెండింతలై వస్తుంది.

డిగ్రీ మూడేళ్లు నేను ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సులో వెళ్లి వచ్చాను. తర్వాత ఎమ్మెస్సీ, ఆ తర్వాత ఒక పెద్ద నగరంలో ఆర్గానిక్ కెమిస్ట్రీలో పరిశోధన. ఔషధ రసాయనశాస్త్రం అంటే ఏమిటని ఊళ్లో అడిగేవాళ్లు. మందులు కనిపెట్టడం అని చెప్పేవాణ్ణి. నిజానికి అది, జనానికి మందు కనిపెడతామని దరఖాస్తులో రాసి, ఎవరో ఎప్పుడో కనిపెట్టిన అణువుకు ఐదేళ్లపాటు తోకలు మార్చడం. మా గైడు ఆ విద్యలో ఆరితేరినవాడు. ఆయన గదిలో మూడు శాలువాలు, రెండు జ్ఞాపికలు, ఎప్పుడూ నీళ్లు పోయని ఒక మొక్క ఉండేవి. చేరిన మొదటి నెలలోనే ఆయన అడిగాడు, “మీ వైపు నాటువైద్యం ఏమైనా ఉందా?” నేను అవ్వ పదకొండు అడుగుల గురించి చెప్పాను. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. “సంప్రదాయ విజ్ఞానం! ఇంకేం కావాలయ్యా? ఆ చెట్టులో ఉన్న కొత్త పదార్థాన్ని బయటికి తియ్యి. నీ థీసిస్ అదే.”

“చెట్టు పేరు చెప్పరు సార్.”

“పదార్థం దొరికితే చెట్టు దానంతట అదే దొరుకుతుంది.”

బాపు బాలయ్య దగ్గర అరకిలో పొడి తెచ్చి పంపించాడు. దాన్ని ద్రావకాల్లో నానబెట్టాను, వడకట్టాను, ద్రావకాన్ని ఆవిరి చేసి జిగురు రాబట్టాను. గాజుగొట్టంలో సిలికా నింపి, పైన ఆ జిగురు పోసి, చుక్కచుక్కగా దిగేదాన్ని పరీక్షనాళికల్లో పట్టి, ఏ నాళికలో ఏముందో ప్లేటు మీద చుక్క పెట్టి చూశాను. చెప్పడానికి రెండు వాక్యాలు, చేయడానికి ఎనిమిది నెలలు. మొత్తం ఏడు భాగాలు విడిపోయాయి. మొదటి ఆరూ ముదురు రంగు జిగురు, శొంఠి వాసన. ఏడోది తెల్లటి పలుకులు, వాసన లేదు. నలభై ఒక్క మిల్లీగ్రాములు. చెట్టు నుంచి వచ్చినది ఇంత శుభ్రంగా ఉండదని నాకు అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు. నా చేతిపని గొప్పదనుకున్నాను.

పెద్ద యంత్రం వంతు కోసం పదకొండు రోజులు ఎదురుచూశాను. వచ్చిన పటంలో ఒక్కో గీత ఉండవలసిన చోట కొన్ని గీతలు జంటగా ఉన్నాయి. ‘మలినం’ అని రాసుకున్నాను. అణువు బరువు కొలిచే యంత్రం వేరే మాట చెప్పింది: అందులో ఫ్లోరిన్ ఉంది. చెట్లు ఫ్లోరిన్‌ను దాదాపు ముట్టుకోవు. ఆ మాటే గైడుతో అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ప్రకృతిలో ఫ్లోరిన్ ఉన్న పదార్థాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మనది ఇంకో వేలు. ఊరి పేరు ఏమన్నావు? ఎల్లారెడ్డి కదూ? అయితే దీని పేరు ఎల్లారెడ్డిన్.”

ఆ సాయంత్రమే బాపుకు ఫోను చేసి చెప్పాను. నా తప్పుల జాబితాలో ఇది నాలుగోది. రెండు రోజుల్లో యూరియా కోసం వచ్చిన ప్రతి మనిషికీ ఆ పేరు తెలిసిపోయింది. కామారెడ్డిలో ఉండే మేనమామ నొచ్చుకొని ఫోను చేశాడు. “జిల్లా ఏదిరా అల్లుడా? కామారెడ్డి గద? కామారెడ్డిన్ అంటె ఏం బోయింది మీకు?” ఈ అభ్యంతరాన్ని గైడుకు చేరవేశాను కూడా. రెండో పదార్థం దొరికితే చూద్దామన్నాడు.

నెలకోసారి ఇంటికి వెళ్లేవాణ్ణి. వెళ్లినప్పుడల్లా అవ్వలో కనిపించిన మార్పులు నోటుపుస్తకంలో రాశాను, ఎందుకంటే గైడు రాయమన్నాడు. ముఖం ఇంకా గుండ్రమైంది. మెడ వెనక కండ పెరిగింది. ఆకలి ఎక్కువైంది, మధ్యాహ్నం రెండుసార్లు తింటోంది. చేతుల మీద తలుపు తగిలినా ఊదారంగు మచ్చ పడుతోంది, చర్మం ఉల్లిపొరలా అయింది. ఈ ఐదింటినీ ‘ఆరోగ్యం మెరుగుపడుతున్న సూచనలు’ అనే శీర్షిక కింద వేసినవాణ్ణి నేనే. ఇవే ఐదు, ఇదే వరసలో, నేను పరీక్షలో నూటికి ఎనభై ఆరు తెచ్చుకున్న పుస్తకంలో వేరే శీర్షిక కింద ఉన్నాయి.

డిపార్ట్‌మెంటులో సెమినారు పెట్టారు. హాల్లో ముప్పై ఎనిమిది మంది, అందులో ఔషధ రసాయనశాస్త్రంలో డాక్టరేటు ఉన్నవాళ్లు తొమ్మిది మంది. ఎల్లారెడ్డిన్ గురించి ఇరవై రెండు స్లైడ్లు. తొమ్మిదో స్లైడు అవ్వ ఫొటో, కింద ‘సంప్రదాయ వినియోగదారు’ అని రాసి ఉంది. చప్పట్లు అయ్యాక వెనక వరసలోంచి ఒకావిడ చెయ్యెత్తారు. మందులు ఒంట్లో ఏం చేస్తాయో చెప్పే విభాగానికి చెందిన మేడం. టీ కోసం వచ్చారని తర్వాత తెలిసింది.

“తొమ్మిదో స్లైడు మళ్లీ పెట్టండి. ఈ పెద్దావిడ ఎవరు?”

“మా అవ్వ మేడం.”

“స్టెరాయిడ్ ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారు?”

గైడు గొంతు సవరించుకొని, అది మూలిక అని వివరించబోయాడు. మేడం ఆయన వైపు చూడలేదు. “బాబూ, ఆ ముఖాన్ని పుస్తకాల్లో చంద్రబింబం అంటారు. ఇంటికి ఫోను చెయ్యి. ఒక్కసారిగా మాత్రం ఆపించకు.”

ఫ్లోరిన్ ఉన్న స్టెరాయిడ్లలో చవకగా దొరికేది డెక్సామెథసోన్; గేటు బయట మందులషాపులో ఆ మాత్రలు కొన్నాను. ఒకటి నూరి, ఎల్లారెడ్డిన్ పక్కన అదే ప్లేటు మీద చుక్క పెట్టాను. రెండు చుక్కలూ ఒకే ఎత్తుకు ఎక్కి ఆగాయి, అంటే రెండూ ఒకటే. ఇరవై నిమిషాల పని. నేను నా యంత్రాలతో పద్నాలుగు నెలలు వెతికినది ఖాలా మొదటి రోజే, ముందుగదిలో నిలబడి, చూసి చెప్పింది. నేను దాన్ని ఫొటో తీసి దాచుకున్నాను. గైడు ఆ ప్లేటును చాలాసేపు చూసి అడిగాడు, “మరి మిగతా ఆరు భాగాల్లో ఏముందంటావు?”

మర్నాడు కామారెడ్డిలో దిగి ఒక డాక్టరును కలిశాను. ఆయన కూడా మేడం మాటే చెప్పాడు: ఇన్నాళ్లు తిన్నది ఒక్కసారి ఆపితే ప్రాణానికే ముప్పు, అలాగే తింటూ పోతే ఎముకలు గుల్లవుతాయి, షుగరు వస్తుంది, కొలిచిన మాత్రలతో నెలల తరబడి మెల్లగా తగ్గించాలి, తీసుకురా. అక్కడి నుంచి ఎల్లారెడ్డి బస్సులో నాకు ఒక విషయం తట్టింది. మధ్యలో మానితే నొప్పి రెండింతలై వస్తుందన్న బాలయ్య మూడో షరతు మూఢనమ్మకం కాదు. మా పుస్తకం రెండు పేజీల్లో చెప్పినదాన్ని ఆయన ఒక దారంతో చెప్పాడు.

అవ్వకు అంతా చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

“అంటే పొడిల ఇంగ్లీషు గోలి కలిసిందంటవు.”

“అవునవ్వా.”

“కామారెడ్డి డాక్టరు ఏమిస్తడు?”

“అదే గోలి. కొంచెం కొంచెం తగ్గించుకుంట ఇస్తడు.”

“పొడిల ఉంటె దొంగమందు, చీటిల రాస్తె మంచిమందా? ఏం సదువురా నీది!” అని, మణికట్టు చూపించింది. “గీ దారం ఉండంగ నేను యాడికి రాను. ఏడు నెలలు మంచంల పడి ఉన్న. మల్ల పడుమంటవా? బాలయ్య కోస్తె ఒస్త. లేకుంటె నీ డాక్టరు నా ఇంటికొచ్చినా మూతి తెరువ.”

బాపు బతిమాలాడు, అమ్మ ఏడ్చింది, ఖాలా ఖుదా మీద ఒట్టు పెట్టింది. అవ్వ సాయంత్రం వేళకు చిటికెడు పొడి, బెల్లం ముక్క నోట్లో వేసుకుంది.

బాలయ్య ఊరి చివర రేకుల షెడ్డులో ఉండేవాడు. నేను వెళ్లేసరికి రోకలి పక్కన పెట్టి, గమేళాలో పొడి జల్లిస్తున్నాడు. మోసగాణ్ణి చూస్తానని సిద్ధపడి వెళ్లాను. నాకు కనిపించింది అవ్వ ముఖమే: గుండ్రటి బుగ్గలు, ముంజేతుల మీద ఊదా మచ్చలు. మణికట్టుకు నల్లదారం.

“తాతా, నువ్వు గూడ తింటవా?”

“తినక? నా మోకాళ్లు మోకాళ్లు గావా? మా బాపు నేర్పిన మందు. మొదట్ల మెల్లగ పనిజేస్తుండె. పదేండ్ల సంది ఒకాయన తెల్లగుండే బలం పొడి తెచ్చిస్తుండు. అది కలిపితే జల్ది గుణమొస్తది. మంచిదే గద?”

మంచిది కాదని చెప్పాను. ఎముకలని, షుగరని చెప్పాను. ఆయన ఊకొట్టాడు. ఎల్లారెడ్డిలో రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి తినొద్దని చెబుతూనే ఉంటారు. అవ్వ దారం కోయమన్నాను.

“నడుస్తున్న మనిషి దారం నేనెన్నడు కొయ్యలె సారూ. ఊకెనే కోస్తె ఏమంటరు? బాలయ్య మందు తప్పువోయింది, మనుమడొచ్చి మాన్పిచ్చిండు అంటరు.” జల్లెడ తట్టి కింద పెట్టాడు. “నా మందును పెద్ద మిషన్ల పెట్టి సూసినవట గద. గా కాయితం సంతకం పెట్టి ఇయ్యి. దారం కోస్త.”

డాక్టరుకు చూపించడానికి ముద్ర వేయించి తెచ్చిన ఆ కాగితం సంచీలోనే ఉంది. పైన యూనివర్సిటీ ముద్ర, మధ్యలో గీతల పటం, కింద ఇంగ్లీషులో రెండు వాక్యాలు: ఈ నమూనాలోంచి తీసిన పదార్థం డెక్సామెథసోన్, దాని శుద్ధత తొంభై ఎనిమిది శాతం. నేను లెక్క వేసుకున్నాను. ఇవ్వకపోతే అవ్వ తింటూనే ఉంటుంది. ఇస్తే గోడకు పెడతాడు. పెట్టినా అందులో ఉన్నది నిజమే కదా, చదివినవాడికి తెలుస్తుంది కదా అని సర్దిచెప్పుకున్నాను. మొదటి వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీసి, సంతకం పెట్టి ఇచ్చాను.

“నీ దారం ఎవరు కోస్తరు తాతా?” అని అడిగాను లేస్తూ.

“నాదా? మా బాపు కట్టిండు. ఆయన పోయె. ఇగ ఎవరు కోస్తరు?”

ఆ సాయంత్రం బాలయ్య మా ఇంటికి వచ్చి, అడకత్తెరతో అవ్వ మణికట్టు దారం కోసి, “ఇడిసిన, ఇడిసిన, ఇడిసిన” అన్నాడు. అవ్వ దండం పెట్టింది. మర్నాడు పొద్దున్నే కామారెడ్డి బస్సెక్కింది.

మాత్రలు తగ్గించడానికి ఐదు నెలలు పట్టింది. క్యాలెండరులో నేను గడులు గీసి ఇచ్చాను, సగం మాత్ర, పావు మాత్ర, రోజు విడిచి రోజు. అవ్వ ప్రతి గడిలోనూ పసుపుబొట్టు పెట్టింది, ఒక్కటీ తప్పలేదు. ముఖం పాత ముఖమైంది. మోకాళ్లు పాత మోకాళ్లయ్యాయి. “చందమామ మాయమైపాయె,” అంది ఖాలా. “ఏం తినిపిచ్చినవ్ బేటా గింత చిక్కిపోయింది?” వీధి వాళ్లందరిదీ అదే మాట: బాలయ్య నిలబెట్టిన మనిషిని మనవడు కూర్చోబెట్టాడు. అవ్వ ఇప్పుడు కర్రతో పెరటి దాకా వెళ్తుంది, బాపు చేతులు వాసన చూస్తుంది, ఇంకోసారి కడగమంటుంది. నన్ను క్షమించిందో లేదో అడగలేదు.

పొడి గురించి సంబంధిత ఆఫీసుకు రాశాను. తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు లేకుండా ఫిర్యాదు తీసుకోవడం కుదరదని జవాబు వచ్చింది. థీసిస్ సంగతి: గైడు నన్ను వేరే పనిలో పెట్టాడు. ముప్పై రెండు కొత్త పదార్థాలు తయారుచేశాను. అవి ఏ జబ్బు మీదా పనిచేయలేదు. ఏ మనిషీ వాటిని తినలేదు కాబట్టి నా వృత్తిలో అది నిష్కళంకమైన పని. డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. అచ్చయిన నా పరిశోధన వ్యాసాలు మూడు. వాటిని చదివినవాళ్లు, నాకు తెలిసినంతవరకు, నేనూ గైడూ.

నాలుగోది మాత్రం బాగా ప్రచారమైంది. సీసా దొరికిన వారమే అవ్వను చూడటానికి వెళ్తూ బాలయ్య షెడ్డు దగ్గర దిగాను. షెడ్డు పక్కన ఇంకో షెడ్డు లేచింది. గోడ మధ్యలో నా కాగితం, ప్లాస్టిక్ పొరలో, చట్రంలో, నాలుగు మూలలా కుంకుమబొట్లతో ఉంది. ‘తొంభై ఎనిమిది శాతం’ అన్న అంకె చుట్టూ ఎవరో పచ్చరంగుతో సున్నా చుట్టారు. నా ఎర్రగీత ఎండకు వెలిసిపోయింది. బాలయ్య నన్ను చూసి, “డాక్టర్ సాబొచ్చిండు, జర జరుగుండ్రి” అన్నాడు. ఆయన లేవలేదు. లేవలేకపోయాడని పక్కన పెట్టిన రెండు కర్రలు చూస్తే తెలిసింది.

మందు కోసం కూర్చున్నవాళ్ల వరుసలో ముందున్న ఒకామె నా వైపు తిరిగింది. నడివయసు మనిషి, భిక్నూర్ నుంచి వచ్చిందట. “అన్నా, పరీక్ష జేసింది నువ్వేనా?”

“నేనే. అక్కా, అందుల స్టెరాయిడ్ ఉంది. ఆ కాయితంల రాసింది అదే. తినొద్దు.”

ఆమె కాగితాన్ని, నన్ను మార్చి మార్చి చూసింది. ఆమె ముఖంలో గౌరవం పెరిగింది.

“అట్లనా? అందుకే గింత జల్ది పనిజేస్తుందంటరు,” అని, పక్కనున్నామెకు చెప్పింది. ఆ మాట వరుస చివరిదాకా పోయింది. ఎవరూ లేవలేదు.

వరుసలో కూర్చున్నవాళ్లు నలభై మూడు మంది. గుండ్రటి ముఖాలు పదహారు.